పాటిగడ్డ మీద తొమ్మిది చుక్కలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఎం.ఏ. ఆఖరి సంవత్సరం ఎండాకాలంలో మాత్రం అది నెత్తికెక్కింది. దానికి కారణం ఎండ కాదు. ఎండను ఎంత తిట్టుకున్నా, ఆ రెండు నెలలు ఉన్నంత సంతోషంగా ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ నేను లేను. నా కోపమంతా నా ట్రెంచి మీద.

ట్రెంచి అంటే తవ్వకం కోసం గీసుకున్న చదరపు గుంత. ఐదు మీటర్ల పొడుగు, ఐదు మీటర్ల వెడల్పు. నాలుగు మూలలా మేకులు, మేకులకు తెల్లదారం. వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో బస్సు దిగి, పత్తి చేల మధ్య ఇరవై నిమిషాలు నడిస్తే ఒక దిబ్బ వస్తుంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని పాటిగడ్డ అంటారు. ఎప్పుడో జనం ఉండి వెళ్ళిపోయిన చోటు కాబట్టి ఆ మట్టిలో బూడిద, పెంట కలిసి మంచి బలం ఉంటుంది. తాతల కాలం నుంచి రైతులు దాన్ని బండ్లకెత్తి చేలకు తోలుకుంటున్నారు. వాళ్ళు తోలుకోగా మిగిలిన దిబ్బ మీద మా క్లాసు నాలుగు ట్రెంచిలు వేసింది. నాలుగోది నాది.

మొదటి ట్రెంచిలో రాతిపూసలు దొరికాయి. రెండో దాంట్లో ఇనుప కొడవలి ముక్క. మూడో దాంట్లో ఎవరిదో పొయ్యి, పొయ్యి పక్కన పగిలిన కుండ. నా దాంట్లో మట్టి దొరికింది. మట్టి కింద మట్టి, దాని కింద ఇంకాస్త గట్టి మట్టి. రెండో ట్రెంచి మగపిల్లలు టీ తాగే టైముకు మా గట్టు మీదికొచ్చి, “ఏమన్న తేలిందా, బోరు వేపిద్దామా?” అని అడిగేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది.

ఇంట్లో పరిస్థితి ఇంకో రకం. మాది వరంగల్ మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం. బిందె బేరానికి వచ్చిన ప్రతివాళ్ళతో మా నాన్న, మా బిడ్డ రాజుల కాలం నాటి ఇండ్లు తవ్వుతాంది అని చెప్పేవాడు. రాజుల కాలం కంటే చాలా ముందుది నాన్నా అంటే, “ఇంకా మంచిదాయె” అనేవాడు. అమ్మకు రాజులతో పనిలేదు. తెల్లారకముందే లేచి నాకు టిఫిన్ కట్టి, వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ పెట్టి, మొహానికి స్కార్ఫు తనే బిగించి కట్టేది. “బొగ్గైపోతానవ్. రేపు ఎవ్వలు చూస్తరు నిన్ను?” అనేది. అది అయిపోగానే వాకిట్లోకి వెళ్ళి ముగ్గు మొదలుపెట్టేది. చిన్నప్పటి నుంచి ముగ్గు విషయంలో ఆమె చేతిలో నేను తిన్న తిట్లకు లెక్కలేదు. “చుక్క చుక్కకు నడుమ నాలుగు వేళ్ళు పట్టాలె. ఎచ్చుతక్కువైతె గీత కలువది” అని నా చెయ్యి పట్టి పెట్టించేది. నా చుక్కలు ఎప్పుడూ వంకరే. నాకు ముగ్గు రాకపోయినా, వంకర చుక్క ఎక్కడున్నా కంటికి మాత్రం వెంటనే తగులుతుంది.

ట్రెంచిలో నా జోడీ నర్సంపేట అమ్మాయి. వాళ్ళ అబ్బాజాన్ అక్కడ బస్టాండు దగ్గర దర్జీ. మా ట్రెంచి కొలతలు, బొమ్మలు గీయడం ఆమె పని. పొరల లెక్క, నోటుబుక్కు నా పని. పది గంటలకు తార్పాలిన్ కింద డబ్బాలు విప్పితే ఆమె ఖట్టీ దాల్ నేను, మా అమ్మ పచ్చిపులుసు ఆమె తినేవాళ్ళం. రంజన్ లో, అంటే చల్లటి నీళ్ళ కోసం పెట్టిన పెద్ద మట్టికుండలో, నీళ్ళు ముంచుకుని, తాగినన్ని తాగి, మిగిలినవి మెడ మీద పోసుకునేవాళ్ళం. నేను నా ట్రెంచిని తిడుతుంటే ఆమె, “ఫికర్ చెయ్యకు. మన్ను ఎటు పోతది?” అనేది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

మా ట్రెంచిలో మట్టి ఎత్తే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దామెను మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఇల్లు పాటిగడ్డ పక్క ఊళ్ళోనే. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. చెప్పులు గట్టు మీద విడిచి, గుంతలోకి దిగేముందు ఒకసారి చేత్తో నేలను తాకి దిగేది. నేను కాన్వాసు బూట్లతో దబ్బున దూకేదాన్ని. ఫీల్డు సారు, అంటే రోజూ మాతో ఉండి తవ్వకం చూసుకునే మా లెక్చరరు, నా బూట్లను చూసి గొణిగేవాడు గానీ ఏమీ అనేవాడు కాదు.

ఆయన ఖచ్చితంగా ఉన్నది ఒక్క నోటుబుక్కు విషయంలోనే. మొదటి రోజే చెప్పేశాడు. పెన్సిలు వాడొద్దు. చెరపొద్దు. పేజీ చింపొద్దు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక గీత, కింద సరైనది, పక్కన సంతకం. తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలి. నేను ఒక్క తప్పు కూడా రాయకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

నాలుగో వారం ఫీల్డు సారు కబురు తెచ్చాడు. శనివారం పెద్దసారు వస్తాడు. తవ్వకం మొత్తానికి బాధ్యుడు ఆయనే. ఎండలు ముదిరాయి, నాలుగు ట్రెంచిలు నడపడం కష్టం, ఏమీ లేనిదాన్ని ఒకదాన్ని ఆ రోజే పూడ్పించేస్తాడు. ఏమీ లేనిది ఏదో చెప్పనక్కర్లేదు. నా ట్రెంచి పోతే నా డిసర్టేషన్ పోతుంది. మిగిలిన నెలంతా వేరేవాళ్ళకు దొరికిన కుండపెంకులు కడుగుతూ కూర్చోవాలి. మా ట్రెంచి ఆడవాళ్ళకు ఎండాకాలం పని పోతుంది. ఆ విషయం విన్నప్పుడు పెద్దమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాతి రోజు, బుధవారం, పదకొండు గంటలు దాటింది. ఎండకు మట్టి అంతా తెల్లగా కనిపిస్తోంది. నేను మూలలో కూర్చుని గీకుతుంటే పెద్దమ్మ పిలిచింది.

“బిడ్డా, జర ఇటు రా. ఈడ మన్ను మెత్తగున్నది.”

వెళ్ళి చూశాను. ఏ తేడా కనిపించలేదు. “అంత ఒక్కతీర్గనే ఉన్నది గద పెద్దమ్మా” అన్నాను.

“కండ్లకు ఒక్కతీర్గనే ఉంటది. మడిమె పెట్టి చూడు, దిగుతాంది. ఈడ గుంజ పాతిన్రు. అగో, ఆడ గూడ. గుడిసె గుంజలు.”

గుంజ పాతిన గుంత ఎలా ఉంటుందో నేను పుస్తకంలో చదివాను. చుట్టూ ఉన్న మట్టి కంటే నల్లగా, గుండ్రంగా ఉండాలి. ఇక్కడ నలుపూ లేదు, గుండ్రమూ లేదు. బూటు కాలితో తొక్కి చూశాను, ఏమీ తెలియలేదు. తాపీతో గీకితే ఒకచోట కాస్త లూజు మట్టి వచ్చింది. దిబ్బ నిండా ఎలుకలే. ఎండకు తల పగిలిపోతోంది, శనివారం గురించిన దిగులు ఒకటి. “సరే పెద్దమ్మా, చూస్త” అన్నాను.

“రాసుకో మరి” అంది ఆమె.

నోటుబుక్కు తీశాను. ఇంగ్లీషులో ఒక ముక్క రాశాను. దాని అర్థం ఇది: నాలుగో పొర. మార్పు ఏమీ లేదు. ఎలుక బొక్కలు.

నేను రాయడం అయిపోయేదాకా పెద్దమ్మ అక్కడే నిలబడింది. “రాసుకున్నవా?” అని అడిగింది. “ఆ, రాసిన” అన్నాను. ఆమె నవ్వింది. అంత సంతోషం దేనికో నాకు అర్థం కాలేదు, పట్టించుకోనూ లేదు. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం ట్రెంచి అంతా ఊడ్చి, గోడలు సరిచేసి, దారాలు బిగించాం. ఒక మూల నా లేబుళ్ళు, సంచులు పెట్టుకుని చుట్టూ దారం కట్టి, అటు ఎవరూ అడుగు పెట్టొద్దని ముందు నుంచీ కట్టడి చేసి ఉంచాను. పోయేముందు పెద్దమ్మతో, “రేపు పెద్దసారు వత్తాండు. పండుగకు ఇల్లు చేసుకున్నట్టు ఉండాలె పెద్దమ్మా. నువ్వే పొద్దుగాల ముందుగాల వచ్చి చూస్కో” అన్నాను. బతిమాలినట్టు కూడా కాదు, ఆర్డరు వేసినట్టే అన్నాను.

శనివారం బస్సు ఆలస్యమైంది. నేనూ, రోడ్డు మీద నా కోసం ఆగిన నా జోడీ పాటిగడ్డ ఎక్కేసరికి ఆరున్నర. మా ట్రెంచి గట్టు మీద ఫీల్డు సారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన పెద్దమ్మ. లోపలికి తొంగి చూశాను. పైప్రాణాలు పైనే పోయాయి.

ట్రెంచి నేలంతా పేడనీళ్ళతో సాన్పు చల్లి ఉంది. ఆ తడి నేల మీద తెల్లటి ముగ్గు చుక్కలు.

“ఇదేంది? ఇది ట్రెంచా, పెండ్లి వాకిలా?” అంటున్నాడు సారు. “పెద్దసారు వచ్చి ఏమంటడు? కాలం లెక్క కట్టే బొగ్గు నమూనాలు, పేడ కలిసినంక ఎట్ల తీయాలె ఇండ్లకెల్లి? ఎవ్వలు చెప్పిన్రు నీకు ఈ పని?”

చెప్పింది నేను. పండుగకు ఇల్లు చేసుకున్నట్టు అన్నది నేను. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది.

“ఎవ్వలు చెప్పలే సారు” అంది పెద్దమ్మ. “పెద్దమనిషి వత్తాండు గద అని నేనే జల్లిన.”

“ఇంటికి పో. ఇగ రాకు.”

ఆమె చెప్పులేసుకుని, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, దిబ్బ దిగి వెళ్ళిపోయింది. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నోరు తెరవలేదు.

“ఎనిమిదింటికి జీపు వస్తది” అన్నాడు సారు నాతో. “అంతలకు ఆ చుక్కలు గీకెయ్. ఒక్కటి కనవడొద్దు.”

తాపీ పట్టుకుని దిగాను. మొదటి చుక్క దగ్గర కూర్చున్నాను. రెండోదాన్ని చూశాను, మూడోదాన్ని చూశాను. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం సమానంగా లేదు. ఒకచోట జానెడు, ఇంకోచోట మూరెడు. మొత్తం తొమ్మిది, అన్నీ ఒక వంపులో. వాటిని కలిపిన గీత లేదు. ముగ్గు వేసే ఏ ఆడమనిషీ చుక్కలు ఇలా పెట్టదు. మా అమ్మ చూస్తే చెయ్యి విరగ్గొడుతుంది. అరవై ఏళ్ళుగా వాకిట్లో ముగ్గేస్తున్న మనిషికి చుక్కలు పెట్టడం రాకనా?

బూట్లు విప్పేశాను. ఒక చుక్క పక్కన మడమ ఆనించాను. గట్టిగా ఉంది. చుక్క మీద ఆనించాను. కాస్త దిగింది. రెండో చుక్క మీదా అంతే. మూడోదాని మీదా అంతే. తల వంచి చూస్తే, తడిసిన మట్టిలో ప్రతి చుక్క చుట్టూ చారెడంత నలుపు, గుండ్రంగా. ఎండకు తెల్లబడి నాకు కనిపించని రంగు తడికి బయటపడింది. అంచుల్లో అప్పుడే ఆరిపోతోంది కూడా.

“గీకొద్దు సార్” అని అరిచాను. “ఇవి గుంజ గుంతలు సార్. ఆరిపోతానయ్. నీళ్ళు కావాలె.”

నా జోడీ రంజన్ వైపు పరిగెత్తింది. “తాగే నీళ్ళే ఉన్నయ్” అంది వెనక్కి తిరిగి. “అవే తే” అన్నాను. ఫీల్డు సారు దిగివచ్చి చాలాసేపు చూశాడు. రంజన్ లోంచి ఒక చెంబు తనూ ముంచుకొచ్చాడు. ముగ్గురం చేత్తో చిలకరిస్తూ, ఆరిన చోట మళ్ళీ చిలకరిస్తూ ఉంటే నా జోడీ గబగబా కొలతలు తీసి గీసుకుంది. జీపు వచ్చేసరికి రంజన్ అడుగంటింది.

పెద్దసారు నిజంగానే పెద్దాయన. తలకు తువ్వాలు చుట్టుకుని, గట్టు మీద బూట్లు విప్పి, నింపాదిగా దిగాడు. పేడ వాసనకు ముక్కు ఎగరేసి నవ్వాడు. చుక్కల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

“మంచిగ చూసినవ్ అమ్మా. గుర్తులు గూడ మంచిగ పెట్టినవ్” అన్నాడు నాతో. “బొగ్గు నమూనా పైన తీయకున్రి, లోపలికెల్లి తీయున్రి. ఏం గాదు.”

“మా స్టూడెంట్ సార్, మస్తు కష్టపడ్తది” అన్నాడు ఫీల్డు సారు.

నేను, “థాంక్యూ సార్” అన్నాను. ఇప్పటికీ ఆ థాంక్యూ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

“కని ఒక మాట” అన్నాడు పెద్దసారు. “తొమ్మిది గుంతలు ఒక వంపుల ఉన్నంత మాత్రాన ఇల్లు గాదు. పశువులకు కట్టిన దడి గూడ కావచ్చు. ఈ వంపు ఇట్లనే తిరిగితె ఇల్లు. నేరుగ పోతె దడి. దడికోసం ఎండల నెల రోజులు తవ్వుకుంట కూర్చోలేం. నేను పదకొండింటికి బయలెల్త. అంతలకు తేల్చున్రి.”

వంపు ఎటు పోయిందో తేల్చాల్సింది నేను దారం కట్టి ఎవరినీ రానివ్వని ఆ మూలలోనే. దారం విప్పి చూశాం. నీళ్ళు అయిపోయాయి. పొద్దు పైకి వచ్చింది, మట్టి మళ్ళీ తెల్లబడింది. ఉత్తకాళ్ళతో ఆ మూలంతా తొక్కాను. నా మడమకు అంతా మెత్తగానే తగిలింది, లేదంటే అంతా గట్టిగానే. మూడు రోజుల ముందు ఎగతాళిగా విన్న విద్య రెండు గంటల్లో రాదు కదా. తొమ్మిదిన్నర అయింది. పెద్దసారు తార్పాలిన్ కింద మూడో ట్రెంచి కుండ చూస్తున్నాడు.

“సార్, అరగంట టైమియ్యున్రి” అని ఫీల్డు సారుతో చెప్పి, బూట్లు కూడా వేసుకోకుండా దిబ్బ దిగాను. దారిలో కాళ్ళు కాలిపోయి, వెనక్కి రాలేక, ముందుకే పరిగెత్తాను.

పెద్దమ్మ ఇంటి ముందు పందిరి కింద కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పక్కన ఆమె కోడలు. నన్ను చూసి పెద్దమ్మ లేచి ముందు నీళ్ళ చెంబు ఇచ్చింది.

“గింత ఎండల ఉత్త కాళ్ళతోని ఎందుకొచ్చినవ్ బిడ్డా? నువ్వు చెప్పినవని నేను సారుకు చెప్పలే. నీకేం మాట రాదు.”

తిడితే బాగుండేది. తలెత్తలేకపోయాను. “ఆ చుక్కలెందుకు పెట్టినవ్ పెద్దమ్మా?” అని అడిగాను.

“అయ్యో, నువ్వు పుస్తకంల రాసుకున్నవ్ గద. పెద్దసారు సదువుతడు. సదివి, ఏడున్నయ్ చూపియ్యిమంటడు. నీకు ఆనవాలుండాలె గదా. ఉత్త దుమ్ముల ముగ్గు నిలువది, అందుకే సాన్పు జల్లిన.”

కోడలు నవ్వింది. “మూడు రోజుల సంది వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతాంది అక్కా, నా మాట సర్కారు పుస్తకంల ఎక్కింది అని.”

నా సంచిలో ఆ పుస్తకం ఉంది. ఆమెకు చదవడం రాదు. అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే రానంటుందేమోనని భయపడ్డాను. “నేను దారం కట్టిన మూలల ఇంకెన్ని ఉన్నయో చూపియ్యాలె పెద్దమ్మా. లేకుంటె ట్రెంచి పూడుస్తరు” అన్నాను. ఆమె ఒళ్ళో గింజలు అలాగే కొంగున మూటగట్టుకుని, నాకు కోడలి చెప్పులు ఇప్పించి, బయలుదేరింది.

పాటిగడ్డ ఎక్కుతుంటే ఫీల్డు సారు ఎదురొచ్చాడు. ఆమె ఆగిపోయింది. ఆయన కూడా ఆగాడు. తర్వాత పక్కకు జరిగి దారి ఇచ్చాడు. గట్టు మీద చెప్పులు విడిచి, చేత్తో నేలను తాకి, ఆమె దిగింది. చేతులు వెనక్కి కట్టుకుని, కిందికి కూడా చూడకుండా, ఒక్కో మడమా ఆనించుకుంటూ నా మూలలోకి నడిచింది. ఆగింది.

“ఈడ.”

గుర్తుకు ముగ్గు లేదు. కొంగు విప్పి ఒక చింతగింజ ఇచ్చింది. నా జోడీ దాన్ని అక్కడ పెట్టింది. ఇంకో రెండడుగులు. ఇంకో గింజ. మూడోది పెట్టేసరికి వంపు తిరుగుతున్నట్టే కనిపించింది. నాలుగోది పెట్టాక చూసుకోవాల్సిన అవసరం లేకపోయింది. తొమ్మిది చుక్కలు, నాలుగు చింతగింజలు కలిసి వెనక్కి తిరిగాయి.

పెద్దసారు ఒక గింజ దగ్గర కూర్చుని, గుంతను సగానికి కోసినట్టు తాపీతో నెమ్మదిగా తీయించాడు. జానెడు లోతు దాకా నల్లటి మెత్తమట్టి. అడుగున చిన్న రాయి, గుంజ కదలకుండా దాపుగా పెట్టింది. ఆయన దాన్ని వేలితో తాకాడు.

“ఇల్లే. గుండ్రటి గుడిసె” అన్నాడు. “పూడుసుడు లేదు, ఏం లేదు.”

నేను నా జోడీని పట్టుకుని గట్టిగా ఊపేశాను. ట్రెంచి ఆడవాళ్ళంతా గట్టు మీదికొచ్చారు. ఫీల్డు సారు గొంతు సవరించుకున్నాడు. “సోమారం పొద్దుగాలనే రా పెద్దమ్మా” అన్నాడు.

“సాన్పు జల్లాల్నా, వద్దా సారు?” అంది ఆమె. అందరం నవ్వాం, ఆయన కూడా.

పెద్దసారు లేచి దుమ్ము దులుపుకున్నాడు. పోయేముందు నోటుబుక్కు మీద సంతకం పెట్టడం ఆయన అలవాటు. “మొదలు ఎవ్వలు చూసిన్రు ఇది? ఏ రోజు?” అని అడిగాడు.

నేను మాట్లాడేలోపే పెద్దమ్మ అందుకుంది. “బిడ్డ రాసుకున్నది సారు. బుధారం నాడే నేను చెప్తె రాసుకున్నది. సదువు బిడ్డా.”

అంతా నా వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుని వినడానికి నిలబడింది. నోటుబుక్కు తీసి సారు చేతిలో పెట్టేస్తే ఆయన చూసి ఊరుకునేవాడేమో. ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. పేజీ తీశాను. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో, అందరికీ వినిపించేలా చదివాను.

“నాలుగో పొర. మార్పు ఏమీ లేదు. ఎలుక బొక్కలు.”

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. అర్థం కావడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక గట్టు మీద కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిగిలింది కూడా చెప్పేశాను. పండుగకు ఇల్లు చేసుకున్నట్టు చెయ్యమన్నది నేనని, పొద్దున ఆమెను పంపించేస్తుంటే నోరు మూసుకున్నది నేనని, చుక్కలు ఆమెవని, థాంక్యూ మాత్రం నాదని.

పెద్దసారు తిట్టలేదు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. “ఒక్క గీత కొట్టు. కింద ఆమె చెప్పింది రాయ్. ఆమె ఎట్ల చెప్తె అట్ల, తెలుగుల్నే రాయ్.”

గీత కొట్టాను. వెళ్ళి ఆమె పక్కన గట్టు మీద కూర్చుని, “చెప్పు పెద్దమ్మా” అన్నాను. చెప్పదేమో అనుకున్నాను. కాసేపు తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా, నేను రాయగలిగేలా ఆగి ఆగి చెప్పింది. ఈడ మన్ను మెత్తగున్నది. మడిమె పెడ్తె దిగుతాంది. ఈడ గుంజ పాతిన్రు. ఇది గుడిసె. రాసినది రాసినట్టు రెండుసార్లు చదివించుకుంది. నేను సంతకం పెట్టాను, పెద్దసారు పెట్టాడు.

ఆమె వేలితో పేజీ మీద గీత కొట్టిన చోటు చూపించింది.

“ఇది గూడ ఉంటదా ఇండ్ల?”

“ఉంటది పెద్దమ్మా. చెరపొద్దు.”

“ఉండనియ్” అంది. “ఎలుకలు గుంజలు పాతి గింత మంచిగ ఇల్లు కట్టుకున్నయని సదివెటోళ్ళు నవ్వుకుంటరు.”

ముందు నవ్వింది ఆమె. ఆ తర్వాతే నాకు నవ్వే ధైర్యం వచ్చింది.